చప్పట్ల బస్సు

ఆశన్న పడింది అందరి కళ్ల ముందే. ఆగస్టు నెల, ఏసీ ఇంకా వెయ్యని స్టూడియో. ఇరవై అడుగుల ఎత్తున ఇనుప కమ్మీల మీద కూర్చుని లైట్లు బిగిస్తున్నాడు. కిందినుంచి "యల్లా, యల్లా" అని ఒకటే తొందర. చెమటకు చెయ్యే జారిందో, కళ్లే తిరిగాయో, దబ్బున వచ్చి వెంకట్రాములు కాళ్ల దగ్గర పడ్డాడు. ఇద్దరివీ జగిత్యాల దిక్కు పక్కపక్క ఊళ్లు. దుబాయ్‌లోని అల్ కుసైస్ కూలీల క్యాంపులో పదకొండేళ్లుగా ఒకే గది, ఒకరిది కింది మంచం, ఒకరిది పై మంచం.

మనిషి పోయి పద్దెనిమిది రోజులైంది. శవం మార్చురీ దాటలేదు.

"అన్నా, కడసారి మొఖమన్న సూత్తం. ఎప్పుడు పంపుతరు?" అని ఊరినుంచి ఆశన్న భార్య సమ్మవ్వ రోజూ ఫోన్ చేసేది. "రేపు చెల్లె, రేపు" అనేవాడు వెంకట్రాములు. చెప్పీ చెప్పీ ఆయనకు ఆ మాటంటేనే సిగ్గేస్తోంది.

ఆ స్టూడియో నడిపే స్వరమాల వాళ్ల సంగతి తెలియంది ఎవరికి? యజమాని మూర్తిగారు దేరాలో క్యాసెట్ల కొట్టు పెట్టినప్పుడు కౌంటర్ వెనక ఆయనా, భార్యా ఇద్దరే. కొట్టు రేడియో అయింది, రేడియో టీవీ అయింది, ఒక ఛానెల్ ఐదయింది. కొడుకులు చేతికొచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. అల్ కుసైస్‌లో క్యాంపు బిల్డింగు వాళ్లదే. ముసఫ్ఫాలో బస్సుల గ్యారేజీ వాళ్లదే. ఉమ్ అల్ క్వైన్‌లో వంటశాల వాళ్లదే. కూలివాడు తినే అన్నం, ఎక్కే బస్సు, పడుకునే మంచం, చూసే టీవీ అన్నీ ఆ ఒక్క ఇంటివే. ఇంత సంసారం పెట్టుకుని, చచ్చిన మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరికీ ఏమీ కాడట!

ఆశన్న వీసా వంటశాల మీద ఉంది. శవం కదలాలంటే కంపెనీ కాగితం కావాలి. సంతకం కోసం ఉమ్ అల్ క్వైన్ పోతే అక్కడి ముదీర్, అంటే మేనేజరు, "మా గరిటె పట్టేవాడు లైట్లెందుకు కట్టాడు? స్టూడియోనే అడగండి" అన్నాడు. స్టూడియోలో "మా హాజరులో ఆ పేరే లేదు" అన్నారు. క్యాంపు ఆఫీసువాడు "మాది బిల్డింగే, మనుషులు కాదు. ఖలాస్" అని తలుపేసుకున్నాడు. తిరిగీ తిరిగీ వెంకట్రాములు ఒళ్లు హూనమైంది.

ఆయనకు ఇంకో పని కూడా ఉంది. ఆదివారం సెలవంటారా? ఆ సెలవునాడే క్యాంపుకు బస్సొస్తుంది. ఎనభై మందికి గడ్డాలు గీయించి, ఇస్త్రీ చొక్కాలు తొడిగించి, స్టూడియోలో ప్రేక్షకులుగా కూర్చోబెడతారు. దాని పేరే చప్పట్ల బస్సు. కెమెరా పక్కన ఫ్లోర్ మేనేజర్ సత్యప్రసాద్ చెయ్యెత్తితే చప్పట్లు, పిడికిలి బిగిస్తే బంద్. లైట్ల వెలుగుకు ఆ చెయ్యి వెనకవాళ్లకు కనపడదు. అందుకని వెంకట్రాములును ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన భుజాలు కదిలితే ఎనభై మందీ కొడతారు. చప్పట్ల మేస్త్రి అని పేరు కూడా పడింది పాపం.

శుక్రవారం పొద్దున షహర్బాను ఫోన్ చేసింది. స్టూడియో ఊడ్చే హైదరాబాదామె.

"భాయ్, ఆదివారం వాళ్ల జూబ్లీ కదా, లైవ్. సినిమా తయారు చేసిన్రు, నేను చూసిన. పెద్ద తెర మీద చెట్టు బొమ్మ. పైన మూర్తి సాబ్ ఫోటో, కొమ్మలకు కంపెనీలు. కిచెన్ భీ ఉంది, క్యాంప్ భీ ఉంది. సబ్ ఏక్ హీ ఘర్ అంటున్రు!"

ఆ సాయంత్రం క్యాంపు మెస్సులో మనుషులు కిక్కిరిసిపోయారు.

"పని బంద్ పెడదాం!" అని రత్నాకర్ బల్ల మీద గుద్దాడు. కేబుళ్లు లాగే కుర్రాడు, ఉడుకు రక్తం.

"పెడ్తవ్ బిడ్డా! గిది నీ ఊరనుకున్నవా? సమ్మె అంటే జైలు, లేకుంటే విమానం. నా ఇంట్ల పొయ్యి నువ్వు ముట్టిత్తవా?" అని ఓ పెద్దాయన ఎగిరిపడ్డాడు.

"అట్లని ఆశన్నను గక్కడ్నే ఉంచుదామా?"

అరుపులు, కేకలు. వెంకట్రాములు లేవలేదు. కూర్చున్నచోటే అన్నాడు:

"పని ఆపుడు నేరమే. చప్పట్లు కొట్టకుంటే ఏం నేరమో జర ఎవలన్న చెప్పుండ్రి."

ఎవరో నవ్వారు. రత్నాకర్ మాత్రం నవ్వలేదు.

"కాకా, అంతా నీ భుజాల మీదున్నది. నువ్వు కదిలితే మా చేతులు ఆగయి."

"నాకూ గదే భయం రా" అన్నాడు వెంకట్రాములు.

ఆదివారం నాలుగింటికి లైవ్ మొదలైంది. సినిమా అయింది. తెర మీద చెట్టు నిలిచింది. మూర్తిగారు కళ్లు తుడుచుకుంటూ "ఇదంతా ఒకటే కుటుంబం. మా పనివాళ్లు కూడా మా ఇంటి మనుషులే" అన్నారు. సత్యప్రసాద్ చెయ్యెత్తాడు.

అలవాటు పాడుగాను! వెంకట్రాములు చేతులు వాటంతటవే లేచాయి. గబుక్కున రెంటినీ తొడల కింద పెట్టి వాటి మీద కూర్చున్నాడు. వెనక ఎనభై మంది. ఒక్క చప్పుడు లేదు. మూర్తిగారు నవ్వు మొహంతో నిలబడే ఉన్నారు, నిలబడే ఉన్నారు.

"ఏవయ్యా, చేతులు పడిపోయాయా? కొట్టవయ్యా, నీకు దణ్ణం పెడతా" అని సత్యప్రసాద్ గుసగుసగా బతిమాలాడు. ఏం చెయ్యాలో తోచక యాంకరమ్మాయి పరుగున వచ్చి వెంకట్రాములు నోటి ముందు మైకు పెట్టింది. కూలివాడొకడు కృతజ్ఞతలు చెప్పాలని ఆమె కార్యక్రమం కాగితంలో రాసుందిలే.

ఆయన లేచాడు.

"నమస్తే సార్. అన్నీ ఒక్క ఇల్లే అని మీరే చూపెట్టిండ్రు. మరి ఆశన్న ఎవలింటి మనిషి సార్? ఇరవై రోజులాయె, మార్చురీల ఉన్నడు. మీ చెట్టుకు అన్ని కొమ్మలున్నయి, ఒక్క సంతకం లేదా?"

వెనక ఎనభై మందీ లేచి నిలబడ్డారు. తెర మీద సబ్బు ప్రకటన పడింది. కానీ అప్పటికే ఆ మాట జగిత్యాల దాకా పోయింది. సమ్మవ్వ టీవీ ముందే ఉంది.

మూడోనాటికి కాగితం వచ్చింది. ఆశన్న మావాడే అని సంతకం పెట్టారు. వెంకట్రాములు వీసా మాత్రం రద్దు. ఆశన్న పెట్టె ఎక్కిన విమానంలోనే ఆయన్నూ పంపించేస్తున్నారు.

మిట్టమధ్యాహ్నం కారొచ్చింది. దిగబెట్టడానికి సత్యప్రసాదే వచ్చాడు. వెంకట్రాములు సంచి పట్టుకుని మెట్లు దిగాడు. పదిహేడేళ్ల దుబాయ్, ఒక్క సంచి. బాధ లేదు, భయం లేదు, అలసట ఒక్కటే ఉంది. ఇక పడుకోవాలనిపించింది.

కారు తలుపు తీసేసరికి పైన చప్పుడైంది. తలెత్తి చూశాడు. నాలుగంతస్తుల వరండాల నిండా మనుషులు. మెస్సులో ఎగిరిపడ్డ పెద్దాయన కూడా ఉన్నాడు. ముందు రత్నాకర్ కొట్టాడు, తర్వాత అంతా అందుకున్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరి భుజాలూ చూడలేదు. వెంకట్రాములుకు కళ్లు మసకబారాయి.

సత్యప్రసాద్ కంగారుగా పైకి చూసి పిడికిలి బిగించాడు. మళ్లీ బిగించాడు.

ఎవరూ ఆపలేదు.