పలకని గది

కిర్రు.

పొయ్యి పొగకు కళ్ళు మూసుకుని ఊదుతున్న జములమ్మకు మొదట ఆ చప్పుడే వినిపించింది. నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టు, సన్నగా, ఆగి, మళ్ళీ. కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసింది. వాకిట్లో ముసురు. వాకిలికి అవతల తన చిన్న గది. తలుపు మూసి ఉంది. లోపల భర్త ఉన్నాడు.

ఆ గది ఆమె కోరి తెచ్చుకున్న నిశ్శబ్దం. కొత్తకోటలో వాళ్ళ ఇల్లు పెద్దరోడ్డు పక్కనే. లారీల హారన్లు పగలూ రాత్రీ ఆమె తలలోనే మోగేవి. పల్లీ పొట్టుతో, విరిగిన గుంటకలతో నిండిన పాత మట్టి మిద్దెను ఎండాకాలమంతా తానే ఖాళీ చేసింది. గోడలు అలికి, సున్నం పూసింది. ఒక చాప, ఒక నీళ్ళ కూజా, కిటికీలో ఒక బంతి మొక్క. అంతే. లోపల కూర్చున్నవారిని ఇంటి పనికి పిలవకూడదు, పిలిచినా వారు పలకకూడదు. ఆ నియమం ఆమెదే.

వాన దిగకుండా మిద్దెల మీద ఏటా చవుడు మట్టి పరుస్తారు. పాత పొర గీకి, కొత్తది పరచాలి. జములమ్మ గీకలేదు. పొర ఎంత మందమైతే లారీల మోత అంత దూరమవుతుందనుకుని, పాతదాని మీదే తట్టలకు తట్టలు పోసింది. వారం నుంచి విడవని ముసురులో ఆ మట్టంతా నీళ్ళు తాగి దూలం మీద కూర్చుంది.

గదిని చూసి మొదట నవ్విన భర్తే తర్వాత ఆ చాపకు మరిగాడు. నిన్న బర్రె తాడు తెంపుకుందని అబద్ధమాడి, ఆయనను బయటికి రప్పించి, తాను దూరి గడియ పెట్టుకుంది. ఆయన తలుపు బయట నిలబడి నవ్వాడు.

"ఇగ నేను లోపల కూసున్నంక నువ్వు బర్రె తెంపుకుందన్నా లేవ, మిద్దె కూలుతుందన్నా లేవ. నా పేరు పెట్టి పిలువు, గప్పుడు లేసొస్త."

ఆమె పిలవదని ఆయనకు తెలుసు. పెండ్లినాడు ఆడబిడ్డలు గడప దగ్గర అడ్డం నిలిచి మొగుని పేరు చెప్పమంటే ఏడ్చింది కానీ చెప్పలేదు. పేరు పలికితే ఆయన ఆయువు తరుగుతుందని తల్లి అన్న మాట, కొడుకు మధు పెండ్లీడుకు వచ్చినా ఆమె నాలుకకు గడియలాగే ఉంది.

కిర్రు. ఈసారి పొడుగ్గా.

తడుస్తూ వాకిలి దాటింది. పొద్దున గోడ మీద వెంట్రుకంత ఉన్న పగులు ఇప్పుడు వేలంత అయింది. మధు నాయినా అంటూ భర్తను బయటికి రమ్మని పిలిచింది. మిద్దె కూలుతుందని చెప్పింది. లోపలి నుంచి నవ్వు వినిపించింది. తలుపు బాదబోయింది. వేళ్ళు తగిలీ తగలకముందే పైనుంచి తడి మట్టి పెళ్ళ ఆమె భుజం మీద రాలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

బాదితే కూలుతుంది. పేరు పలికితే ఆయువు తరుగుతుంది. పలకకపోతే ఆయువే ఉండదు.

నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. దూలం పెళ్ళుమంది. అప్పుడు ఆమె లోపలి నుంచి ఒకే ఒక మాట అరుపై వచ్చింది. అది తన గొంతేనని ఆమె పోల్చుకోలేదు.

గడియ ఊడింది. నవ్వు లేని ముఖంతో భర్త బయటికి దూకాడు. ఆమె ఆయన రెక్క పట్టుకుని వాకిట్లోకి ఈడ్చింది. వెనక దూలం విరిగి, మట్టి, సున్నం, చాప, కూజా అన్నీ ఒక్క కుప్పగా కూర్చున్నాయి. దుమ్ము కూడా లేవలేదు, అంత తడి.

ఇద్దరూ వానలో నిలబడిపోయారు. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. ఆమె ఆయన ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది, తన మాటకు ఆయువు అక్కడ ఎంత తరిగిందో చూడాలన్నట్టు.

"ఏమని పిలిచినవ్?" ఆయన అడిగాడు. "జర మల్లొకపారి అను."

అరచేతి కింద గుండె గట్టిగా, తొందరగా కొట్టుకుంటోంది. ఆగలేదు. ఆనాటి గడప దగ్గర నిలబడ్డట్టే తల వంచుకుని, పెదవులు తడుపుకుని, మెల్లగా అంది.

"నాగప్ప."