బుడగ లేని సీసా

ఇట్టా దగ్గరికి జరిగి కూర్చోండి, పెంచలయ్య సంగతి గట్టిగా చెప్పేది కాదు.

మైపాడు ఒడ్డు కనుచూపు దాటిపోయింది. పడవ అంచున మోకాళ్ళ మీద కూర్చున్న పెంచలయ్య నీళ్ళు తోడే రబ్బరు గొట్టాన్ని గాజుసీసా అడుగుదాకా దించి, ఊపిరి బిగబట్టాడు. సముద్రపు నీళ్ళు సీసా నిండి, వేళ్ళ మీదుగా పొర్లుతున్నాయి. లోపల గుండెను ఎవరో చేత్తో పిండుతున్నట్టుంది. కళ్ళ ముందు నల్లమచ్చలు ఈదాయి. మూత బిగించాకే గాలి పీల్చాడు.

భయంతో ఒళ్ళంతా చెమట. గుండె బలహీనపడింది, సముద్రం మీదికి పోవద్దని నెల్లూరు డాక్టరు ఎప్పుడో చెప్పాడు. పొద్దున కామమ్మ మొగుడి చొక్కా పట్టుకుని లాగింది.

"నీళ్ళు పట్టేదానికి ఊళ్ళో నువ్వే దొరికినావా?"

"ఊరకుండు మే. వల లాగేది ఏమన్నా ఉందా? సీసాలే గదా."

వల లాగలేని మనిషిని ఇంకెవరు పడవ ఎక్కించుకుంటారు? ఈ పని కూడా పోతే ఇక ఒడ్డున కూర్చుని, పోయే పడవల్ని చూడటమే. ఆ భయం ముందు గుండెనొప్పి భయం చిన్నదైపోయింది.

పని ఇచ్చింది అనూష, నెల్లూరు నుంచి వచ్చే పరిశోధన అమ్మాయి. మనం వదిలే పొగలోని బొగ్గుపులుసు గాలిని సముద్రం ఎంత మింగుతోందో కొలుస్తుంది. మింగేకొద్దీ నీళ్ళు పులుపెక్కి, గవ్వల పెంకులు పలచబడతాయట. "మన ఊపిరిలోనూ అదే గాలి. సీసా మీద వదలొద్దు తాతా. లోపల చిన్న బుడగ మిగిలినా లెక్క తప్పుద్ది," అని మొదటిరోజే చెప్పింది. అంతే, ఆనాటి నుంచి మూత పడేదాకా పెంచలయ్య ఊపిరి తీస్తే ఒట్టు.

ఇంజను దగ్గర మస్తాన్ నవ్వాడు.

"ఏంది మామా, మొహం నేరేడుపండు మాదిరి అయింది? సముద్రానికి దిష్టి పెడతా ఉండావా?"

అనూష గిరుక్కున తిరిగింది. "ఊపిరి బిగబట్టినావా తాతా? ఇన్నాళ్ళూ ఇట్టానేనా?"

దొరికిపోయానని, పని పోయిందని పెంచలయ్య సీసాను ఒళ్ళోకి లాక్కున్నాడు. "నీ లెక్క చెడిపోద్దని, పాపా..."

"అయ్యో! మొహం పక్కకి తిప్పుకుంటే చాలు గదా తాతా!"

ఆయనకు నవ్వొచ్చింది. చివరి సీసాలోకి గొట్టం దించి, మొహం తూర్పుకు తిప్పి, గుండెలనిండా గాలి పీల్చాడు. ఎంత హాయి! నీళ్ళు పొర్లాయి. చెయ్యి తడుముకుంటూ మూత బిగించింది. మొహం మాత్రం మళ్ళీ ఇటు తిరగలేదు.

"తాతా," అంది అనూష. మళ్ళీ పిలిచింది. మస్తాన్ ఇంజను ఆపేశాడు.

బిగుసుకున్న ఆయన వేళ్ళు విడదీసి సీసా తీసుకోవాల్సొచ్చింది. రేపు మీరెవరికైనా ఈ కథ చెబితే, ఇది మాత్రం మరిచిపోకుండా చెప్పండి: ఎండకెత్తి చూస్తే, ఆ సీసాలో ఆవగింజంత బుడగ కూడా లేదు.