మీగడరంగు ల్యాండుమాస్టరు

వైశాఖమాసపు మధ్యాహ్నమున సముద్రోపకంఠనగరమగు కాకినాడ నిప్పులపై బోర్లించిన మూకుడువలె వేగుచుండ వీధికుక్కలు మురుగుకాలువల యంచులనున్న రవ్వంత నీడ నాశ్రయించి నాలుకలు వ్రేలవైచియుండ ముంజెలబండివాడు సైతము కేకమాని తన బండిక్రిందనే నిద్రాసుఖ మనుభవించుచుండ సకలప్రాణికోటియు విశ్రమించిన యట్టి వేళ విశ్రాంతి యననేమో యెరుంగని జీవి యొక్కటి మా యింటి ముందుగదిలో గలదు. ఆ జీవి నా పెనిమిటి.

లోకమున భర్తలపై భార్యలు మోపు నేరములు పెక్కులు. కొందరు త్రాగుదురు. కొందరు పేకాడుదురు. కొందరు భోజనవేళ రాజకీయములు మాటలాడుదురు. మావారు సోమయాజులుగారు వీనిలో నొక్కటియు నెరుంగరు గాని నా తలపిన్నులను కుట్టుపెట్టెలోని సన్నసూదులను గోళ్లరంగు తుడుచుకొను మందును ఆవకాయకై కడిగి యారబెట్టిన గాజుసీసాలను దినమున కొకటిచొప్పున మాయముచేయుచు నిజమైనదానిలో నిరువదినాలుగవవంతు పరిమాణముగల మోటారుకారులను నిర్మింతురు. నీటిపారుదల కార్యాలయమున ముప్పదియైదేండ్లు కాలువలకును లాకులకును పటములు గీసి విరమించిన యా హస్తము లిప్పుడు నా గృహోపకరణములపై బడినవి. వంటింట నేదైన కనబడనిచో నేను దొంగను వెదకను. ఏ కారునకు తలుపుపిడి యైనదో చూచుకొందును.

ఈ వ్యసనమున నాయన కిరువురు సహచరులు. ఒకరు దర్జీపని మానియు కత్తెర మానలేక చిటికెనవ్రేలంత సీట్లకు పలుచని తోలు కుట్టు కరీముల్లాగారు. రెండవవారు చిన్న లేతుయంత్రముపై రూపాయిబిళ్లంతేసి చక్రములను త్రిప్పితీయుటలో నద్వితీయులగు దొరబాబుగారు. మువ్వురును ప్రతియాదివారమున మూడు గంటలకు మా ముందుగదిలో గూడి ప్లాస్టికురేకు కోయుచు లప్పము పట్టించుచు గరుకుకాగితముతో రుద్దుచు నొక తలుపు నతికించుటకు గంటయు పూర్వకాలమున నట్టి తలుపు తీసికొని దిగినవారిని గూర్చి చెప్పుకొనుటకు మూడు గంటలును వెచ్చింతురు. ఏ వంతెనపై నే కారు మొరాయించెనో యెవరు త్రోసిరో త్రోసినవారి పంచె యెచట చినిగెనో యన్నియు వారికి కంఠస్థములు. పునుగులు వేయించుచు వంటింటినుండి నేనును వింటిని. వినలేదని యనను.

దొరబాబుగారి తండ్రి సూరయ్యగారు కాకినాడకును రాజమహేంద్రవరమునకును నడుమ ల్యాండుమాస్టరు కారు నద్దెకు నడపినవారు. మా పెండ్లియూరేగింపు ఆ కారులోనే జరిగినది. వధువును గాన తలవంచుకొని కూర్చుంటిని. కారులో నేను చూచినదెల్ల నా కాళ్ల పారాణి మాత్రమే. ఆ కారు తుక్కుక్రింద పోయి ముప్పదియేండ్లయినది. మిగిలిన దొక నలుపుతెలుపు ఛాయాచిత్రమును పెట్రోలుట్యాంకు మూతయును. ఆ కారును చిన్నదిగా చేసి తండ్రి పటముప్రక్క నుంచుకొనవలెనని దొరబాబుగారి చిరకాలవాంఛ. మువ్వురు నెనిమిది మాసములు శ్రమించిరి. తోలుసీట్లు కుట్టబడినవి. చక్రములు సిద్ధమైనవి. రంగు మావారి వంతు.

రంగు వేసిన యాదివారమున దొరబాబుగారు కారును చేతికెత్తుకొని యిటునటు త్రిప్పి చూచిరి.

"ఇదేంటండీ సోమయాజులుగారూ! నీలిమందు నీళ్లలో ముంచి తీసినట్టుంది. నాన్న కారు మీగడరంగండీ బాబూ."

"అది మీగడరంగే."

"అక్కయ్యగారూ, ఓసారిలా వచ్చి మీరైనా చెప్పండి."

ముప్పదియెనిమిదేండ్లుగా మ్యాచింగుసెంటరులలో చీరకు జాకెట్టుగుడ్డ నేరిన నా కన్నులకు కారు స్పష్టముగా నీలపుజీర దేరి కనబడెను.

"ఓసారి ఎండలోకి తీసుకెళ్లి చూడండి. గదిలో చూసి రంగు తేల్చకూడదు," అంటిని.

"చీరలూ కార్లూ ఒకటి కాదే," అని మావారు నన్నొక్కమాటతో వంటింటికి పంపివైచిరి.

అంతట దొరబాబుగారు సంచిలోనుండి రుమాలులో చుట్టిన పెట్రోలుమూతను దీసి కారుప్రక్క నుంచిరి. నాకది లేతమీగడ. మావారికది వేరొండు వస్తువు.

"పసుపుకొమ్ములా ఉందయ్యా ఇది! ముప్పయ్యేళ్లు ఎండకి మాడిన రేకు. ఇలాంటివి చూసి రంగు కలపకూడదని ఈ పని తెలిసిన ఎవడైనా చెప్తాడు."

"బీరువాలో బట్టల మధ్య పెట్టానండీ. దానికి ఎండెక్కడిది?"

పాతరేకు వెలసిపోవును గాన దానిని నమ్మరాదనుట వారి విద్యలో మొదటిపాఠమట. ఆ పాఠమును మావారు నిజముపై ప్రయోగించిరి. అంతటితో నాగినను బాగుండెడిది. ఆగక యిట్లనిరి.

"అయినా నువ్వు చూసింది కారునా? బకెట్టునీ గుడ్డనీ. ఎక్కినవాడికి తెలుస్తుంది గానీ, తుడిచినవాడికి రంగేం తెలుస్తుందయ్యా?"

తండ్రి కారులో కిరాయివారికే చోటు చాలక తా నొక్కనాడైన నెక్కి కూర్చుండనెరుగక తెల్లవారుజామున కడుగుట మాత్రమే యెరిగిన కొడుకుతో ననదగిన మాట కాదది. కరీముల్లాగారు సూది దించివైచిరి. దొరబాబుగారు నాలుగు చక్రములను మూతతో గూడ రుమాలులో మూటగట్టుకొని మర్యాదస్థులు గాన మిగిలిన కాఫీ త్రాగి గ్లాసు నాకందించి "వస్తానండి అక్కయ్యగారూ" అని నాతో మాత్రమే చెప్పి వెడలిరి.

పదునాలుగు మాసములు గడచెను. చక్రములు లేని కారు రెండగ్గిపెట్టెలపై బీరువాలో నిలిచెను. ప్రతియాదివారమున మావారు రెండున్నరకే యిస్త్రీచొక్కా తొడిగికొని కిటికీప్రక్క కుర్చీలో గూర్చుండి వీధిలో నే స్కూటరు వచ్చినను ముందు తలయెత్తి పిదప వార్తాపత్రిక యెత్తెడివారు. దొరబాబుగారి స్కూటరునకు మలుపున దగ్గు రెండుమారులు వచ్చును. ఆ దగ్గు మాకిరువురికిని దెలియును. అది వినబడలేదు. నేనును పిండి మువ్వురికి చాలునంత రుబ్బుట మానలేకపోతిని. దొరబాబుగారి వంతు పునుగులు మావారే తిని రాత్రి జీలకర్రనీళ్లు త్రాగెడివారు. పనిముట్లపెట్టె తెరచియుండెను గాని కథలు లేని గదిలో గరుకుకాగితపు చప్పుడు మిగుల కర్కశముగా నుండెను.

కరీముల్లాగారు మాత్ర మిరుకొంపలకును తిరుగుచుండిరి. ఒకనాడు వారు నాతో ననిరి.

"అక్కడా అంతేనమ్మా. ఆదివారం మూడయ్యేసరికి లేతు దగ్గర కూర్చుంటాడు. నలభై చక్రాలు చేశాడు. కారొక్కటీ లేదు."

ఇచట చక్రములు లేని కారును అచట కారు లేని చక్రములును. నడుమ నొక వంతెనయు నిరువురు ముసలివారి పట్టుదలయును.

అట్లుండ మావారు నా మందును తమ మందనుకొని రెండుదినములు మ్రింగుటచే కంటివైద్యునికడకు గొనిపోవలసివచ్చెను. రెండు కన్నులయందును శుక్లములు ముదిరి యెన్నియో యేండ్లయినదనియు వానివలన లోకమంతయు పసుపుగాజులోనుండి చూచినట్లు కనబడుచుండుననియు వైద్యుడు చెప్పి ముందుగా కుడికంటికి శస్త్రచికిత్స చేసెను. కట్టు విప్పిన మరునాడు మావారు గోడలవంక నబ్బురముగా జూచిరి.

"సున్నం ఎప్పుడు వేయించావు?"

"వేయించలేదు. అవే గోడలు."

"నీ చీర ఆకుపచ్చది కాదూ?"

"నీలం. ఆకుపచ్చ చీర కొనిపెడితే కట్టుకుంటాను."

ఆయన నవ్వలేదు. మెల్లగా లేచి బీరువా తెరచి కారును చేతికి దీసికొనిరి. కుడికన్ను మూసి చూచిరి. ఎడమకన్ను మూసి చూచిరి. మరల కుడికన్ను. పాతకంటికి మీగడ. క్రొత్తకంటికి నీలిమందు. ఆయన కన్నులు మూయుచు తెరచుచు నుండ నేను కాఫీగ్లాసుతో గుమ్మమున నిలుచుంటిని. "నేను చెప్పలేదూ?" యను మాట నా జిహ్వాగ్రమున పరిపక్వమై పండి రాలుటకు సిద్ధముగా నుండెను. ముప్పదితొమ్మిదేండ్ల కాపురమున నట్టి యవకాశ మొక్కమారే వచ్చును. దానిని మ్రింగితిని. ఏకాదశీవ్రతము లెన్ని చేసినను నంత కష్టపడలేదు.

తొమ్మిదవనాడు ఇక పనిముట్లు పట్టవచ్చునని వైద్యుడనుమతింపగనే మావారు చేసిన మొదటిపని రంగు కరగించు మందుసీసాను దీయుట.

"రంగంతా తీసేసి సరిగ్గా వేసేస్తాను. కరీముల్లా చేత పంపించేద్దాం. ఇంకేం గొడవుండదు."

"పంపిస్తే కారు వెళ్తుంది. ఆయన వస్తారా?"

కుంచె గాలిలో నిలిచిపోయెను. మావారు సీసామూత బిగించి కారును రంగు మార్చకయే తువాలులో జుట్టి నల్లకళ్లద్దములు ధరించి "పద" యనిరి.

వంతెనదాటి జగన్నాథపురమున దొరబాబుగారి యిల్లుచేరుసరికి వాకిటిపంచలో లేతు గిఱ్ఱున తిరుగుచుండెను. వారి కోడలు చాటతో బియ్యమేరుచుండెను. ఎదురింటివారు ప్రహరీపై మోచేతులాన్చి చూచుచుండిరి. దొరబాబుగారు తలయెత్తి మమ్ము గాంచి "రండి అక్కయ్యగారూ, ఎండలో వచ్చారు" అని నన్నే పిలిచి మరల పనిపై వంగిరి. మావారు తువాలు విప్పి నీలపుజీర కారును యంత్రముప్రక్క బల్లపై నుంచిరి. పెదవులు గదలించిరి. ఆ మ్రోతలో నేమనిరో నాకును వినబడలేదు. మోమోటపడినవారు మాటకు మ్రోతనే తోడుతెచ్చుకొందురు.

దొరబాబుగారు చేయిచాచి మీట నొక్కిరి. చక్రము తిరిగితిరిగి నిలిచెను. కోడలి చేతిలో చాట యాగెను.

"ఇప్పుడు చెప్పండి. ఏదో అన్నారు."

మావారు నల్లకళ్లద్దములు దీసి చేతబట్టుకొనిరి. ఒక కంట నీరు కారుచుండెను. అది క్రొత్తకన్నో పాతకన్నో నేను గమనింపలేదు.

"ఈ రంగు తప్పు. శుక్లాలట. అది కంటి మీదకి తోసేయొచ్చు దొరబాబూ. నిన్ను అంత మాటన్నదీ, పద్నాలుగు నెలలు నీ గుమ్మం తొక్కనిదీ కన్ను కాదు. ఆ తప్పు నాదేనయ్యా," అని యెదురింటివారికి సైతము వినబడునట్లు పలికిరి.