కస్తూరి టీచరు పట్టుకున్న మైకు

నేను ఒక మైకును. అనకాపల్లిలో సూరప్పడనే ఆసామి నడిపే సౌండ్ సర్వీసులో అద్దెకు తిరుగుతుంటాను. నా ఒంటి మీద ఏదో విదేశీ పేరు అచ్చేసి ఉంది గానీ, నేను పుట్టింది ఢిల్లీలో ఒక ఇరుకు సందులో. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. పైన ఏం రాసుంటే అది నమ్మడం మనుషులకు అలవాటు.

పళ్లు తోముకునే బ్రష్షు తరువాత మనుషుల నోటికి అంత దగ్గరగా బతికేదాన్ని నేనే. పెళ్లిళ్లలో భోజనాలకు పిలిచాను, ఎన్నికల్లో నాయకుల తుంపర్లు భరించాను. ఒక ఏడాది అమ్మవారి జాతరలో ఒక ముసలమ్మకు పూనకం వచ్చింది. జుట్టు విరబోసుకుని పొట్టలోంచి గర్జించింది. నాలోంచి అది ఊరంతా వినబడింది. జనం ఆమె కాళ్ల మీద పడ్డారు.

ఆ తరువాతి నెలలోనే విశాఖలో ఒక హెవీ మెటల్ బ్యాండు నన్ను అద్దెకు తీసుకుంది. నల్ల చొక్కాలు, పుర్రె బొమ్మలు చూసి నేనూ హడలిపోయాను, దాచడం దేనికి. పాడింది కస్తూరి. మా ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో యూకేజీ టీచరు. ఆమె కూడా జుట్టు విరబోసుకుని పొట్టలోంచి గర్జించింది. పాటకూ పాటకూ మధ్య మాత్రం సన్నని గొంతుతో, "కాసిని వేణ్ణీళ్లుంటే ఇస్తారా?" అని అడిగేది. కింద గెంతుతున్న కుర్రాళ్లలో ఒకడు పడిపోతే పదిమంది వంగి లేపారు. నాయకుల సభల్లో అలా లేపడం నేను చూడలేదు.

ఆ పాటను ఎవరో ఫోన్లో తీశారు. అది తిరిగి తిరిగి మా ఊరి తల్లిదండ్రులకు చేరింది. స్కూలు వాళ్లు మీటింగు పెట్టి, దానికి నన్నే తెప్పించారు.

"ఆ అరుపులేటండీ బాబూ, దెయ్యం పట్టినట్టు! మా పాపని ఆవిడ కాడ ఎలాగ ఒగ్గెయ్యమంటారు?" అని ఒక తల్లి నిలదీసింది.

"గంజాయి గట్రా అలవాటుందేమో కనుక్కోండి," అన్నాడు ఒక తండ్రి. జాతరలో ముసలమ్మ ముందు నన్ను పట్టుకుని "శాంతించు తల్లీ" అని వేడుకున్నది ఆయనే.

కరస్పాండెంటు పరంధామయ్య గారు, "టీచరమ్మ చెప్పేదీ విందాం," అని పెద్దమనిషిలా అన్నారు. నన్ను ఆమెకు అందిస్తూ బొటనవేలితో నా స్విచ్చి ఆపేశారు.

కస్తూరి చూసుకోలేదు. "అది సాధన చేస్తే వచ్చే గొంతండీ. నాకే అలవాట్లూ లేవు. పిల్లలంటే ప్రాణం. నన్ను తీసేయకండి," అంది. విన్నది నేనొక్కదాన్నే.

"పెదాలు కదుపుతోంది సూడండి. మంత్రం సదువుతున్నాది!" అన్నారు వెనక నుంచి ఎవరో.

మైకు లేకుండానే వీధి చివరి దాకా వినిపించగల గొంతు ఆమెది. కానీ ఎత్తలేదు. ఎత్తితే అది వాళ్లు భయపడిన గొంతే అవుతుంది. ఇంకా నెమ్మదిగా మాట్లాడింది. ఇంతలో ఆమె క్లాసు పాప ఒకతి తల్లి కొంగు చాటుకు వెళ్లి దాక్కుంది. కస్తూరి తల దించుకుంది. అప్పుడు కనబడింది ఆపేసి ఉన్న నా స్విచ్చి. దాన్ని పైకి జరిపి, రెండు చేతులతో నన్ను పరంధామయ్య గారికి తిరిగిచ్చింది.

"చూశారుగా, ఆవిడ దగ్గర సమాధానం లేదు," అన్నారాయన. ఆ అబద్ధాన్ని చివరి బెంచీ దాకా మోసింది నేనే, ఒక్క అక్షరం చెడకుండా. గరగరమని మొరాయించినా బాగుండేది. అదీ చేతకాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి ఆమెను బడికి రావద్దన్నారు.

ఆంప్లిఫయరు దగ్గర కూర్చున్న సూరప్పడికి అంతా తెలుసు. స్విచ్చి ఆపగానే నా ఒంటి మీది చిన్న లైటు ఆరిపోవడం అతనికి కనబడింది. వాళ్ల అమ్మాయి ఆ స్కూల్లోనే చదువుతోంది, అందుకని తల వంచుకుని వైర్లు సర్దుకున్నాడు.

మర్నాడు కొట్లో నా స్విచ్చిని ఆన్ చేసి, మళ్లీ ఎవరూ ఆపకుండా దాని మీద నల్ల టేపు చుట్టాడు. తరువాత నన్ను నోటి దగ్గర పెట్టుకుని, "నిన్ననే సెప్పెయ్యాల్సింది," అన్నాడు. ఆ మాట కొట్టంతా మారుమోగింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.