సేవ చేసేవాళ్లు వచ్చేలోగా

"మనింటికి సేవ చేయడానికి వస్తున్నారట! ఇక మనం వీధిన పడ్డట్టే," అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆ మాట నిన్నటిది. ఇవాళ ఆమె తెల్లవారకముందే లేచి అత్తగారి పక్కబట్టలు ఉతుకుతుంటే, బకెట్లో నురగతోపాటు అదీ పైకి తేలుతూనే ఉంది. దుప్పటి పిండింది, దులిపింది, ఎవరి కంటా పడకుండా మేడమెట్ల వెనకాల ఆరేసింది. వాళ్లు వచ్చేసరికి ఇంట్లో మాసిన గుడ్డ ముక్క కూడా కనపడకూడదు.

వాళ్లంటే కొడుకు చదివే యూనివర్సిటీ పిల్లలు. వాడు ఈ మధ్య ఏదో బృందంలో చేరాడు. సాయంత్రం పూట ఒక గదిలో కళ్లు మూసుకుని మౌనంగా కూర్చుంటారట, ఎవరి లోపలికి వాళ్లు చూసుకుంటారట. సెలవురోజు మాత్రం చేసేవాళ్లు లేని ఇళ్లకు వెళ్లి పనులు చేసిపెడతారట. సంగతి తెలిసిన రోజున ఆమె గుండె గుభేలుమంది. ఇరవై ఏళ్ల పిల్లాడికి కళ్లు మూసుకోవడమేమిటి? ఇవాళ కళ్లు మూసుకుంటాడు, రేపు తిండి మానేస్తాడు, ఎల్లుండి అమ్మా నాన్నా ఎవరంటాడు. వాడు బయటికెళ్లగానే అలమరా అంతా వెతికింది. మురికి సాక్సులు తప్ప ఏమీ దొరకలేదు. ఎటూ చేతికొచ్చాయి కదా అని వాటినీ ఉతికేసింది.

తీరా వాడు చేసిన ఘనకార్యం ఇది.

"నాయనమ్మ మంచం మీద ఉంది, మా అమ్మ ఒక్కతే చేస్తోంది అని చెప్పానమ్మా. అయితే వస్తామన్నారు."

"అందరి ముందూ చెప్పావా?"

"చెప్తే తప్పేంటి?"

ఒంటి మీద ఎక్కడో పుండుంటే కొంగు కప్పుకుని తిరుగుతాం, ఆ కొంగునెవరో లాగేసినట్టుంది ఆమెకి. అత్తగారు బాగా తిరిగే రోజుల్లో వీధిలో అందరితోనూ "నేను మంచాన పడితే ఈవిడ చేస్తుందంటారా?" అని నవ్వేది. ఆ నవ్వుకి జవాబుగానే ఇన్నాళ్లూ చేసింది. తిప్పింది, తుడిచింది, తినిపించింది, నడుం పట్టేస్తే గోడ పట్టుకుని నిలబడి మళ్లీ చేసింది. భర్త రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి "ఎలా ఉన్నావమ్మా?" అంటాడు, లోపలి వాసన తగిలేలోగా వెళ్లిపోతాడు. ఊరంతా మాత్రం తల్లిని కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నాడంటారు. ఒకసారి నడుం నొప్పని చెబితే, "రోజంతా ఇంట్లో ఉండేదానివే కదా, కాస్త వాలొచ్చుగా," అన్నాడు. ఎక్కడ వాలాలో చెప్పలేదు. ఇప్పుడు కొడుకు ఇలా చెప్పాడంటే ఆ పిల్లలంతా ఏమనుకుంటారు? ముసలామెని గాలికొదిలేసిందనుకోరూ? ఎవరైనా ఫోటో తీస్తే? పదిమందీ చూస్తే?

అందుకే అత్తగారికి చీకటితోనే ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వి, కొత్త జాకెట్టు తొడిగింది.

"ఏమిటే ఈ సింగారం? నన్నెవరికైనా అమ్మేస్తున్నావా?" అంది అత్తగారు, మూతి వంకర పోయినా మాటలో కారం తగ్గకుండా.

"ఎవరు కొంటారు అత్తయ్యా మిమ్మల్ని," అంటూ గదంతా ఫినాయిల్‌తో తుడిచింది.

వాళ్లు బకెట్లతో, సబ్బులతో, రబ్బరు గ్లవ్స్‌తో వచ్చారు. కొడుకు వెనకాలే నలుగురు పిల్లలు, వాళ్లని నడిపించే ఒక నడివయసు లెక్చరరు. పిల్లలంతా ఆ లెక్చరర్ని అక్కా అంటున్నారు. రెండు జడల పిల్లొకతి అప్పుడే గ్లవ్స్ తొడిగేసుకుంది.

"ఎక్కడ మొదలుపెట్టమంటారు ఆంటీ?"

"ఏమీ లేదమ్మా, అంతా అయిపోయింది. టీ తాగండి."

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఇల్లు అద్దంలా ఉంది. లెక్చరరు చూపు మాత్రం నీళ్లకి నాని ముడతలు పడ్డ ఆమె వేళ్ల మీద పడింది. ఆమె చప్పున చేతులు కొంగులో దాచుకుంది.

"మేం వస్తున్నామని మీకు రెట్టింపు పని పెట్టామన్నమాట," అంది లెక్చరరు. వెక్కిరింపుగా అనలేదు, అయినా ఆమె చెవులు వేడెక్కాయి. "పని లేకపోతే కూర్చుందాం. మీరూ కూర్చోండి. మా పద్ధతి ఒకటే. కాసేపు మౌనం, తర్వాత ఇవాళ ఏది చూసి మనసు చివుక్కుమందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి. ఫలానా మంచి చేశామని మాత్రం చెప్పకూడదు."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా లెమ్మంటే వెంటనే లేవడానికి వీలుగా. కళ్లు మూసుకుంటే ఏమీ కనపడలేదు కానీ ఇల్లంతా వినపడింది. కుళాయి చుక్క, గదిలో భర్త టీవీ, లోపల అత్తగారి మంచం కిర్రుమనడం.

ముందుగా కొడుకే నోరు విప్పాడు.

"పోయినవారం ఒక తాతగారింట్లో అంట్లు తోమాను. ఆయన నా తల నిమిరితే ఎంత గర్వంగా అనిపించిందో. మా ఇంట్లో ఒక్క గిన్నె కూడా తోమలేదెప్పుడూ. అమ్మకి సాయం కావాలని మీ అందరికీ చెప్పాను. నేను ఉన్నానుగా అని నాకే తట్టలేదు."

"అయ్యో, వాడికి చదువుంటుంది కదమ్మా! మగపిల్లాడు, వాడికేం తెలుస్తుంది, నేనే చేయనివ్వను," అని ఆమె గబగబా అనేసింది.

అన్నాకే ఆ మాట ఎవరిదో ఆమెకి గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో భర్త చేతిలో కంచం లాక్కుంటూ అత్తగారు అన్నది సరిగ్గా ఇదే. "మగపిల్లాడు, వాడికేం తెలుస్తుంది." ఆ రోజు వంటింట్లో నిలబడి పళ్లు నూరుకున్న మనిషి తనే కదా! పళ్లు నూరుకుంటూనే మాట నేర్చేసుకుంది, కొడుక్కి గోరుముద్దలతోపాటు పెట్టింది. ఆమె తల వంగిపోయింది. ఇల్లు మురిగ్గా ఉంటుందన్న సిగ్గు దీని ముందు ఒక సిగ్గేనా?

అప్పుడే లోపల్నుంచి సన్నగా, "ఒసేయ్... ఇటు రావే," అని వినపడింది. వెనకే వాసన. ఫినాయిల్‌ని దాటుకుని, నడవా దాటుకుని, కూర్చున్నవాళ్లందరి మధ్యకీ వచ్చేసింది.

ఆమె ప్రాణం చచ్చిపోయింది. సగం లేచింది కూడా.

"ఏమే, అమ్మ పిలుస్తోంది, వినపడట్లేదా?" పక్కగదిలోంచి భర్త కేకేశాడు. "నలుగురి ముందూ పరువు తీయకు!"

నలుగురూ విన్నారు. రెండు జడల పిల్ల లేచి నిలబడింది. "మేం చూస్తాం ఆంటీ, అందుకే కదా వచ్చాం."

"వద్దమ్మా, కూర్చో," అంది ఆమె. సగం లేచినదల్లా తనూ మళ్లీ కూర్చుంది. ఈసారి కుర్చీ అంచున కాదు, వీపు ఆనేలా. "ఇది బయటివాళ్లు చేయాల్సిన పని కాదు. నాన్నా, నువ్వెళ్లు. మీ నాన్నని కూడా తీసుకెళ్లు. ఇద్దరు పట్టుకుని తిప్పాలి, ఒక్కరి వల్ల కాదు."

ఇన్నాళ్లూ ఒక్కతే తిప్పిన మనిషి నోట ఆ మాట విని కొడుకు ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత లేచాడు.

భర్త గుమ్మంలోకి వచ్చాడు. "నేనా?"

"మిమ్మల్ని కన్నతల్లేగా."

"వీడెందుకే, నువ్వు రా..." లోపల్నుంచి అత్తగారి గొంతు. సిగ్గుతో సన్నబడిపోయిన గొంతు. ఆ ముసలిదాని సిగ్గు తనకి తెలుసు. ఇల్లంతటిలోనూ తనొక్కదానికే తెలుసు.

"మీ అబ్బాయే అత్తయ్యా," అంది గొంతు పెంచి. "మీకు మీ అబ్బాయి దగ్గర సిగ్గేంటి?"

టీవీలో ఎవరో చప్పట్లు కొట్టారు. కొడుకు వెళ్లి దాన్ని ఆపేసి నాయనమ్మ గదిలోకి నడిచాడు. భర్త కదల్లేదు. ఆమె నవ్వేసి లేస్తుందని చూస్తున్నాడు. ఆమె మొహం మంటలా ఉంది, కళ్లు నేలనుంచి ఎత్తలేకపోతోంది, అయినా లేవలేదు.

చివరికి ఆయనే కదిలాడు. రెండడుగులేసి ఆగాడు.

"ఉతికిన దుప్పట్లు ఎక్కడుంటాయి?"

లేచి ఇచ్చేస్తే చిటికెలో పని. పాదాలు అప్పుడే నేలకి ఆనాయి. ఆమె వాటిని కదలనివ్వలేదు.

"వెతకండి," అంది. "ఇల్లు మీదే కదా."