మిగిలిపోయిన ఖరహరప్రియ

మా ఇళ్ళల్లో మగవాళ్ళకి పందెం కోళ్ళ వంశాలు నోటికి వచ్చు. నాకు సన్నాయిలూ క్లారినెట్లూ వచ్చు. ఎవరు ఏ పెళ్ళిలో ఏ రాగం ఎంతసేపు వాయించారో, ఎక్కడ తడబడ్డారో, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పదిహేడేళ్ళకే భర్త పోయి, తాడేపల్లిగూడెంలో మా అన్నయ్య అబ్బాయిరాజు మేడ మీద ఘోషాలో కూర్చున్న మంగతాయారుకి ఇంకేం పని? కంటికి ఘోషా గానీ చెవికి లేదు కదా.

బ్యాండులో అందరూ ఆగిపోయి ఒక్కడే వాయించే ఘట్టాన్ని వాళ్ళు సోలో అంటారు. నా లెక్కలో గొప్ప సోలోలు నాలుగే. ద్వారకా తిరుమల కల్యాణంలో ఒక ముసలి సన్నాయి విద్వాంసుడు వాయించిన తోడి ఒకటి. ఏలూరులో నాటకానికి తెర లేవక జనం బల్లలు విరగ్గొడుతుంటే, హార్మోనియం ఆయన ఒక్కడూ అరగంట సేపు వాళ్ళని కూర్చోబెట్టిన కాంభోజి రెండోది. అది గూడుబండిలోంచి విన్నాను. మిగతా రెండూ ఏలూరు బ్యాండు మాస్టరు ఎలీయాజరువి. అత్తిలిలో మా పినతండ్రి గారింటి పెళ్ళికి వాన పడి డ్రమ్ములు తడిసిపోతే, తాళం లేకుండా అతనొక్కడూ వాయించిన మోహన ఉందే, అది విన్న చెవులతో ఆ నెలంతా నేను గ్రామఫోను ముట్టుకోలేదు. మా వదిన దీన్ని పిచ్చి అంటుంది. పిచ్చే. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

ఎలీయాజరు ముఖం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. బ్యాండు నిలబడేది పందిరి కింద. మేడ మీద వెదురు తెర వెనక నించి నాకు కనిపించేవి పందిరి మీది తాటాకులే. ఏదైనా రాగం వినాలనిపిస్తే చీటీ మీద రాసి మా పనిమనిషి అచ్చాయమ్మ చేత పంపేదాన్ని. జవాబు క్లారినెట్లో వచ్చేది. పదేళ్ళుగా మా మధ్య నడిచిన మాటలు అవే.

యాభై ఆరు వైశాఖంలో మా అన్నయ్య కూతురు సావిత్రి పెళ్ళి కుదిరింది. వియ్యాలవారు కొల్లేటి ఒడ్డు ఊరివాళ్ళు. వాళ్ళు సన్నాయి నాగేశ్వరరావుని తీసుకొస్తున్నారని తెలిసి, మా అన్నయ్య పంతం కొద్దీ ఎలీయాజరుకి కబురు పెట్టాడు. ఆరు నెలలుగా ఎలీయాజరు ఆస్పత్రిలో ఉన్నాడని నేను విన్నాను. వస్తున్నాడంటే నయమైందనుకున్నాను. మనకి కావలసినదాన్ని నమ్మడం ఎంత తేలిక.

పెళ్ళినాడు పొద్దున్నే పెరటి గుమ్మం దగ్గర ఎవరో నాకోసం నిలబడ్డారని అచ్చాయమ్మ చెప్పింది. వెళ్ళి చూస్తే గడ్డిమేటు పక్కన ఒకామె, కాళ్ళకి మోకాళ్ళదాకా దుమ్ము.

"అమ్మగారండీ, నేను బ్యాండు మాస్టరు గారి ఇంటిదాన్నండి. మణెమ్మ అంటారండి."

"లోపలికి రా, మణెమ్మా."

"వద్దండి, ఇక్కడే చెప్పేసి పోతానండి. ఆయనకి ఎడం పక్క ఊపిరితిత్తి పాడైపోయిందండి. డాక్టరు గారు ఫొటో తీసి చూపించారండి. గట్టిగా ఊదితే రక్తం పడి అక్కడికక్కడే పోతాడు, క్లారినెట్టు ముట్టుకోనివ్వకు అన్నారండి."

"మరి ఎందుకు ఒప్పుకున్నాడు?"

"ఏలూరు బ్యాండు పనైపోయిందని ఎవరో అన్నారంటండి. ఆ మాట ఆయన చెవిన పడిందండి. చిన్న చిన్న పాటలు వాయించి వచ్చేస్తానని నా తల మీద చెయ్యేసి ఒట్టేశారండి." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎవరేమన్నా ఆ ఒట్టు నిలబెట్టుకుంటారండి. మీ చీటీ వస్తే మాత్రం ఆగరండి. అది పంపకండి అమ్మగారూ. నేనడిగేది అదొక్కటేనండి."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట వినగానే ముందు నా మనసు పొంగింది. భయం ఆ తరవాతే వేసింది.

"పంపను. నీకు మాట ఇస్తున్నాను," అన్నాను.

మా వైపు ఎదుర్కోలులో ఒక పద్ధతి ఉంది. పెళ్ళివారు వీధిలోకి రాగానే రెండు వైపుల మేళాలూ ఎదురుబొదురు నిలబడి పోటీగా వాయిస్తాయి. అది తేలేదాకా వియ్యాలవారు గడప తొక్కరు. వాయించేవాడు తనంతట తాను ఆపకూడదు, ఆపితే మళ్ళీ ఏ పెద్దింటి నించీ అతనికి పిలుపు రాదు. ఓడామని ఒప్పుకోవలసింది ఇంటివాళ్ళు. ఇంటి పెద్ద కండువా తమ వాయిద్యగాడి భుజం మీద పడితే ఆట ముగిసినట్టు. అలా కండువా వేసినవాణ్ణి ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుతారు. అందుకని ఎవరూ తొందరగా వెయ్యరు. కోడి నెత్తురు కారుతున్నా బరిలోంచి తియ్యరే, అలాగే ఇదీ.

నాలుగింటికి పెళ్ళివారు లారీ దిగారు. నాగేశ్వరరావు సన్నాయి ఎత్తుకుని కల్యాణి అందుకున్నాడు. ఎంత చెడ్డా మెచ్చుకోవలసిందే, ఆ సన్నాయి వీధి వీధంతా నిండిపోయింది. ఎలీయాజరు మాట నిలబెట్టుకున్నాడు. చిన్న కీర్తనలు, బ్యాండు మొత్తం కలిసి వాయించే పాటలు. తన క్లారినెట్టు అందరి వెనకా దాచుకున్నాడు. డ్రమ్ములు మోగుతున్నాయి గానీ పసలేదు.

అవతల నవ్వులు మొదలయ్యాయి. "మాస్టరు గారు పాలు తాగే పిల్లలకి జోల పాడుతున్నారండోయ్," అని ఎవరో కేక పెట్టారు. మా వైపు వాళ్ళు కూడా కొందరు నవ్వారు. ఎలీయాజరు మళ్ళీ ఒక చిన్న పాట ఎత్తుకున్నాడు. నా చెవులు మండిపోయాయి. వాన పడుతుంటే మోహన వాయించినవాణ్ణా వీళ్ళు నవ్వేది? ఒక్కటి, ఒక్కటే వాయించి వాళ్ళ నోళ్ళు మూయిస్తే చాలును కదా. ఒక్క రాగానికి ఏమవుతుంది? డాక్టర్లు ఎప్పుడూ ఎక్కువే చెబుతారు.

ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ కాగితం ముక్క మీద 'ఖరహరప్రియ' అని రాసి అచ్చాయమ్మ చేతిలో పెట్టాను. ఆమె మెట్లు దిగుతుంటే వెనక్కి పిలవాలనిపించింది. పిలవలేదు.

కింద బ్యాండు ఆగిపోయింది. క్లారినెట్టు ఒక్కటే లేచింది.

ఏం చెప్పను? మొదటి పది నిమిషాలూ నేను మణెమ్మని మరిచిపోయాను, వియ్యాలవారిని మరిచిపోయాను, ఇది పెళ్ళి ఇల్లన్న సంగతే మరిచిపోయాను. కింది స్థాయిలో నెమ్మదిగా మొదలుపెట్టి, ఒక్కొక్క స్వరం దగ్గరా నిలబడి, దాని మంచిచెడ్డలు అడిగి ముందుకు పోతున్నాడు. ఇదివరకు నేను విన్న ఖరహరప్రియ కాదిది. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. నాగేశ్వరరావు జవాబు అందుకున్నాడు, అతను వదిలిన చోట ఇతను మళ్ళీ ఎత్తుకున్నాడు.

అప్పుడు వినిపించింది. ఎలీయాజరు సంగతికీ సంగతికీ మధ్య గాలి పీల్చుకునేటప్పుడు, తలుపు సందులో గాలి దూరినట్టు సన్నని ఈల. మామూలుగా అతను నాలుగు ఆవర్తాలకి, అంటే నాలుగు తాళం చుట్లకి, ఒకసారి ఊపిరి తీస్తాడు. ఇప్పుడు రెండింటికి ఒకసారి. కాసేపటికి ఒక్కోదానికి ఒకసారి. ఆ గోలలో, అవతలి డోలు మోతలో అది ఇంకెవరికీ వినపడదు. పదేళ్ళు చీకట్లో కూర్చుని విన్నదానికే వినపడుతుంది.

ఇంకొకరికి కూడా తెలిసింది. నాగేశ్వరరావు తన వంతు కావాలని పొడిగిస్తున్నాడు. జనం అది గర్వమనుకుని ఈలలు వేస్తున్నారు. అవతలివాడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తున్నాడని నాకు అర్థమైంది. అతను మాత్రం ఎలా ఆపగలడు? అతని వెనకా ఒక ఇంటి పెద్ద ఉన్నాడు.

అచ్చాయమ్మని పరుగు పెట్టించాను. "అన్నయ్యతో చెప్పు. మాస్టరికి ప్రాణం మీదికి వచ్చింది, కండువా వెయ్యమన్నానని చెప్పు."

ఆమె రొప్పుతూ తిరిగి వచ్చింది. "ఇప్పుడు గెలుస్తన్నాం కదా, అమ్మగారిని మేడ మీద ఊరుకోమను అన్నారండి."

"ఇంకోసారి వెళ్ళు."

"వెళ్ళే వచ్చానండి. రెండోసారి నా వైపు చూళ్ళేదండి."

కింద క్లారినెట్టు పై షడ్జానికి చేరి నిలబడింది. నిలబడే ఉంది. ఆ స్వరం అంచున తడి వినిపించింది. ఉమ్మితో క్లారినెట్టు పీక తడిస్తే వచ్చే తడి వేరు, నాకు తెలుసు. ఇది అది కాదు.

నేను లేచాను. ఎదురుగా పెళ్ళికూతురి గదిలో సావిత్రి బాసికం కట్టించుకుని పీట మీద కూర్చుని ఉంది. అంతా వింటూనే ఉంది. వియ్యాలవారు గడప తొక్కే ముందు నాలాంటిది ఎదురు వస్తే ఏమంటారో ఇద్దరికీ తెలుసు. పైగా ఘోషా దాటి, నడివీధిలోకి.

"అమ్మలూ, నీ పెళ్ళి..." అన్నాను.

సావిత్రి కొయ్య మీది వాళ్ళ నాన్న పట్టు కండువా అందుకుని నా చేతిలో పెట్టింది. "ఆ మాటలేవో నేను పడతానులెండి అత్తయ్యా. మీరు వెళ్ళండి," అంది.

మెట్లు దిగాను. వసారా దాటాను. పందిరిలో మగవాళ్ళు నన్ను చూసి నిప్పు తొక్కినట్టు పక్కకి తప్పుకున్నారు. అన్నయ్య, "మంగా," అని మాత్రం అనగలిగాడు. ఎలీయాజరు ఎవరో నేను వెతుక్కోనక్కరలేదు. నల్లగా, సన్నగా, నా అంత పొడుగు లేని మనిషి. కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెల్ల కోటు చేతి అంచు ఎర్రగా తడిసింది. ఇంకా పై షడ్జం మీదే ఉన్నాడు, కిందికి దిగబోతున్నాడు. ఆ దిగుడు ఎలా ఉంటుందో వినాలని, ఈ కండువా ఇంకొక్క క్షణం ఆపుదామని, దేవుడి సాక్షిగా నా పాపిష్ఠి చెవి నన్ను లాగింది.

కండువా అతని భుజం మీద వేసి, జారకుండా అరచేత్తో అదిమి పట్టాను.

పాట తెగిపోయింది. అతను కళ్ళు తెరిచి నా వైపు కోపంగా చూశాడు. "ఎవరండీ మీరు?" అన్నాడు. చీటీలు రాసేదాన్నని చెప్పేలోగా అతను నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నది నాగేశ్వరరావు. అతని సన్నాయి కింద మట్టిలో పడింది.

వియ్యాలవారు శకునం బాగోలేదని లారీ దగ్గరికి వెనక్కి వెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరి వచ్చారు. పెళ్ళి జరిగింది. సావిత్రి ఆ ఇంట్లో నా పేరు మీద కొన్ని మాటలు పడింది, ఇప్పుడు పడటం లేదు. అన్నయ్య ఓడిపోయినందుకు కొంత, నేను అందరిలో ఎలీయాజరుని ముట్టుకున్నందుకు మరికొంత, ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. మణెమ్మ మళ్ళీ రాలేదు. చీటీ సంగతి ఆమెకి తెలిసే ఉంటుంది.

మొన్న మాఘమాసంలో, అంటే దాదాపు మూడేళ్ళకి, ఎలీయాజరు వచ్చాడు. ఉతికి మడతపెట్టిన కండువా తెచ్చాడు. అరుగు మీద కూర్చోమని అచ్చాయమ్మ చేత చెప్పించి, నేను తలుపు వెనక నిలబడ్డాను. మనిషి కోలుకున్నాడు. క్లారినెట్టు ఊదడం మాత్రం ఇక ఈ జన్మకి లేదన్నారట.

"ఆ చీటీ నేను పంపకుండా ఉండవలసింది," అన్నాను. "మీ ఆవిడకి మాట ఇచ్చి తప్పాను."

"మీ చీటీ రాలేదని అప్పటిదాకా బాధగా ఉందండి," అన్నాడతను. "అమ్మగారూ, ఆ రోజు పై షడ్జం మీదుండగా ఆపేశారు కదండీ. అక్కణ్ణించి ఎలా దిగేవాణ్ణో మీకు తెలుసాండీ?" అని అడిగాడు.

తెలియకపోవడమేమిటి? మూడేళ్ళుగా అదే నా పని. అతని పాత ఖరహరప్రియలన్నీ నెమరు వేసుకుని, ఆ రోజు నడకకి అతికించి, ఎప్పుడో పూర్తి చేసి పెట్టుకున్నాను. తలుపు వెనక నించే సన్నగా పాడాను. పెళ్ళయ్యాక పరాయి మగవాడు వినేలా గొంతు విప్పడం అదే మొదలు. షడ్జం నించి మధ్యమం దాకా దిగి, అక్కడ కాస్త ఆగి, నెమ్మదిగా ఇల్లు చేర్చాను.

అతను చివరిదాకా విన్నాడు.

"కాదండీ," అన్నాడు మెల్లగా. "అది నేను అంతకుముందు వాయించిందేనండి."

"మరి ఆ రోజు ఏం వాయించేవాడివి?"

"ఊదితే గానీ నాకూ తెలియదండీ."

అచ్చాయమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి అరుగు చివర బోర్లించి, నాలుగింటి బస్సుకి ఏలూరు వెళ్ళిపోయాడు.