వెనకాయన

పన్నెండో సైకిలుకు గాలి కొట్టి, టైరు బొటనవేలితో నొక్కి చూసి, వెనకాయన నడుం పట్టుకుని లేచాడు. పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగుతూనే ఉంది. షెడ్డు తాళం తీస్తున్న కూతురు ఎక్కడ చూస్తుందోనని, పంపు తుడుస్తున్నట్టు అటు తిరిగాడు.

లోయ చూడ్డానికి వచ్చేవాళ్ళను సైకిళ్ళ మీద తిప్పడం వాళ్ళ పని. ముందు నడిచే గైడు కూతురు. చివర నడిచేది తండ్రి. ఇరవై ఆరేళ్ళుగా అందరికంటే వెనకే ఉండబట్టి ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఫొటోల్లో కూడా సగం చెయ్యి తప్ప ఎప్పుడూ పడలేదు మహానుభావుడు.

"ఇవాళ ఆయాసం వచ్చిందా, రేపట్నుంచి షెడ్డులోనే కూచుంటావు. ముందే చెప్తున్నా నాన్నా."

"చాల్లే, పెద్ద డాక్టరమ్మవి బయల్దేరావు!" అన్నాడు పైకి మాత్రం. షెడ్డులో కూర్చోవడమంటే ఆయన దృష్టిలో బతుకు అయిపోయినట్టే.

పన్నెండు గులకరాళ్ళు ఏరి ఎడమ జేబులో వేసుకున్నాడు, వచ్చినవాళ్ళలో మనిషికొకటి. లోయ ఇరుకులో తలల మీద, రాతికి తేనెపట్లు వేలాడుతుంటాయి. ఈగలు లేస్తాయని అక్కడ కేకలు కూడదు, పైకి లెక్కపెట్టడమూ కూడదు. ఒక్కో మనిషి ఇరుకు దాటినప్పుడల్లా ఒక్కో రాయి కుడి జేబులోకి మారుతుంది.

"మరి నీ రాయేదీ?" కూతురు రోజూ అడిగేదే.

"చివరివాడు తప్పిపోవడమేమిటే, పిచ్చిమొహమా!"

దారిలో మడుగు దగ్గర జింకలు తలెత్తి చూస్తే అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయనకు మాత్రం అది చేతకాలేదు. ఇరుకు దాటి, సైకిళ్ళు అక్కడ వదిలి కొండ ఎక్కుతుంటే, ఒంటి బరువుతో ఓ పంతులమ్మ వెనకబడింది. ఆవిడ సంచీ తన భుజాన వేసుకుని, పది అడుగులకోసారి ఆవిడతో పాటే ఆగాడు.

"నా మూలంగా మీకూ ఆలస్యం అన్నయ్యా," అని నొచ్చుకుంది.

"ఎంతసేపైనా ఆగండమ్మా. తొందరేం లేదు."

ఆవిడ పుణ్యమా అని తనకో సాకు దొరికిందని ఆవిడకేం తెలుసు, పాపం.

దిగివచ్చి అందరూ సైకిళ్ళెక్కారు. తిరుగు లెక్కకు ఆయన రాళ్ళన్నీ మళ్ళీ ఎడమ జేబులోకి మార్చుకున్నాడు. కూతురు ముందుగా ఇరుకులోకి దూరింది, మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు. ఆయన పెడలు మీద కాలు వేశాడో లేదో, ఛాతీ పిండేసినట్టయింది. బండకు చేరగిలబడ్డాడు. మెడలో ఈల చేతికందింది. ఊదితే కూతురు రెక్కలు కట్టుకుని వాలుతుంది. కానీ వాళ్ళు సరిగ్గా తేనెపట్ల కింద ఉన్నారు. ఈల వదిలేసి జేబు తడుముకున్నాడు. ఒకరు దాటారు. ఇంకొకరు. అందరికంటే చివర, పడుతూ లేస్తూ తొక్కుకుంటూ పంతులమ్మ.

షెడ్డు దగ్గర కూతురు తలలు లెక్కపెట్టింది. పన్నెండు. మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ అందరినీ సాగనంపింది. పంక్చర్లు చూసుకుంటూ ఆయన ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. ఆయన్ని లెక్కపెట్టే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. సైకిళ్ళు వరసలో పెట్టడం అయ్యాక చివరి చోటు ఖాళీగా కనబడింది. అప్పుడు పరిగెత్తింది.

ఆయన బండకు చేరగిలబడే ఉన్నాడు. "నాన్నా" అని కేకపెట్టబోయి, పైన రాతిని చూసి, తన నోరు తనే నొక్కుకుంది. పక్కన కూలబడి, చల్లబడిపోయిన ఆయన చెయ్యి పక్కకు జరిపి ఎడమ జేబు తడిమింది. ఖాళీ. పన్నెండు రాళ్ళూ కుడి జేబులో ఉన్నాయి.